మళ్ళీ కలిసి పాడతారా?

పోయిన కార్తీకంలో ఒక ఆదివారం పొద్దున మా పేట రామోత్సవం కమిటీవాళ్ళు నలుగురు మా ఇంటికి వచ్చారు. కాఫీలు తాగారు. బెంగుళూరు ట్రాఫిక్కును తిట్టుకున్నారు. ఇక లేస్తారనగా వాళ్ళలో పెద్దాయన అసలు సంగతి బయటపెట్టాడు. 1976లో మొదలైన మా వీధి శ్రీరామనవమి పందిరికి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. చివరిరోజు రాత్రి పెద్ద కచేరి పెట్టాలి.

"బయటి ఆర్కెస్ట్రా వద్దు సార్. మీరూ మీ అన్నగారూ మళ్ళీ కలిసి పాడితే చాలు. పాతవాళ్ళందరూ అదే అడుగుతున్నారు."

ఆయన అడిగింది కన్నడంలో. నేను కూడా కన్నడంలోనే "నోడోణ" అన్నాను. అంటే చూద్దామని. ఇటు అవునూ కాదు, అటు కాదూ కాదు. నలభై ఏళ్ళకు పైగా ఈ విషయం ఎవరు ఎత్తినా నేను చెప్పే జవాబు అదే.

వాళ్ళు వెళ్ళిన సాయంత్రమే మాంచెస్టరు నుంచి మా అన్న కూతురు ఫోను చేసింది. కమిటీవాళ్ళ సంగతి ఆ అమ్మాయికి అప్పటికే తెలిసిపోయింది. ఎవరు చెప్పారో నేను అడగలేదు.

"చిన్నాన్నా, వాళ్ళే కలిసిపోయినారు. మీకేమి రోగం?" అంది.

'వాళ్ళు' అంటే ఎవరో చెప్పాలి. ఈ పత్రిక చదివేవారిలో నా ఈడువాళ్ళకు ఒయాసిస్ అంటే ఎడారిలో నీటి చెలమే గుర్తొస్తుంది. నాకూ అంతే. ఆ పేరుతో మాంచెస్టరులో 1991లో ఒక రాక్ బృందం పుట్టింది. అందులో గాలగర్ ఇంటి అన్నదమ్ములు ఇద్దరు. పెద్దవాడు నోయెల్ పాటలు కడతాడు, గిటారు వాయిస్తాడు. అయిదేళ్ళు చిన్నవాడు లియమ్ పాడతాడు. 1994లో మొదటి ఆల్బం, 1995లో రెండోది. 1996 ఆగస్టులో నెబ్‌వర్త్ అనే చోట రెండు రాత్రులు పాడితే మొత్తం రెండున్నర లక్షల మంది వచ్చారు. టిక్కెట్ల కోసం అడిగినవాళ్ళు పాతిక లక్షలకు పైమాటేనట.

మా అమ్మాయి ఇక్కడ బెంగుళూరులో చదువుకునే రోజుల్లో ఈ పాటలు వినేది. 2002 ఏప్రిల్‌లో పింక్ ఫ్లాయిడ్ బృందంలో ఒకప్పటి పెద్ద తలకాయ రోజర్ వాటర్స్ ప్యాలెస్ గ్రౌండ్స్‌లో పాడితే, ఇంట్లో ట్యూషనని చెప్పి వెళ్ళొచ్చింది. ఆ రహస్యం నాకొక్కడికే తెలుసు. అందుకే ఆ అమ్మాయికి నాతో చనువెక్కువ.

ఒయాసిస్ విడిపోయింది ఒక సంగీతోత్సవంలోనే. 2009 ఆగస్టు 28న పారిస్ దగ్గర జరిగిన ఉత్సవంలో ఆ రాత్రి పెద్ద కచేరి వాళ్ళది. జనం మైదానంలో నిలబడి ఉన్నారు. తెర వెనక అన్నదమ్ములు మాటా మాటా అనుకున్నారు. ఒక గిటారు విరిగింది. కచేరి రద్దయింది. ఇక తమ్ముడితో ఒక్కరోజు కూడా పనిచెయ్యలేనని అన్న ప్రకటన ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పదిహేనేళ్ళు ఎవరి బృందం వారిది, ఎవరి పాట వారిది.

ఆ పదిహేనేళ్ళూ జనం ఊరుకోలేదు. ఇంగ్లండులో గ్లాస్టన్‌బరీ అని పెద్ద సంగీత జాతర జరుగుతుంది. దానికి ఎవరు పాడతారనే మాట పుట్టినప్పుడల్లా, ఒయాసిస్ మళ్ళీ కలిసి పాడతారట అనే పుకారు లేచేది. నాకు దీంట్లో ఆశ్చర్యమేమీ కనిపించలేదు. మన నాటకాల జాతరల్లోనూ అంతే కదా. ఆడుతున్న కంపెనీ కన్నా ఆగిపోయిన కంపెనీకే పేరెక్కువ. మళ్ళీ వినే దారి లేదనుకున్న పాటకే జనం తెల్లవారేదాకా కూర్చుంటారు. ఉత్సవం నడిపేవాళ్ళకు ఈ సూక్ష్మం బాగా తెలుసు. మా పేట పెద్దాయనకూ తెలుసు.

ఇప్పుడు మా సంగతి చెప్పాలి.

మాది మగ్గాల పని చేసుకునే ఇల్లు. మా తాతల తాతలు ఎప్పుడో అనంతపురం వైపు నుంచి వచ్చి ఈ పేటలో నిలబడ్డారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. ఇంట్లో వడపప్పు అనేదాన్నే గడప దాటితే కోసంబరి అంటాం. 1962లో మా నాయన పోయినప్పుడు అన్నకు పన్నెండేళ్ళు, నాకు ఆరు. అన్న కన్నడం బడిలో ఆరో తరగతి చదువుతున్నాడు. ఆ ఏడే బడి మానేసి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టాడు. నన్ను మాత్రం మాననివ్వలేదు. సాయంత్రాలు మా వీధి చివర ఒక ముసలి పంతులుగారు తెలుగు చెప్పేవారు. నెలకు రెండు రూపాయలు. పెద్దబాలశిక్ష నుంచి శతకాల దాకా నేను ఆయన దగ్గరే చదువుకున్నాను. ఆ రెండు రూపాయలూ అన్న కూలిడబ్బుల్లోంచి వెళ్ళేవి.

పాట మాత్రం మొదట అన్నదే. మగ్గం ఆడుతుంటే దాని తాళానికి రేడియోలో విన్న పాటలు పాడేవాడు. నేను హార్మోనియం నేర్చుకున్నాను. 1976లో పేటలో మొదటి పందిరి వేసినప్పుడు మేమిద్దరం, తబలాకు ఒక సాయిబు, బ్యాంజోకు ఒక తమిళం కుర్రవాడు కలిసి పాడాం. అలా ఎనిమిదేళ్ళు. సగం కన్నడం పాటలు, సగం తెలుగు పాటలు. 1980లో 'శంకరాభరణం' వచ్చిన ఏడు మా పందిరి ముందు రోడ్డు మీద బస్సు కదల్లేదు. ఆ పాటలు అడిగినవాళ్ళలో తెలుగువాళ్ళ కన్నా కన్నడంవాళ్ళే ఎక్కువ.

తర్వాత 1982లో గోకాక్ ఉద్యమం వచ్చింది. ఊళ్ళో గాలి మారింది. కన్నడదేశంలో కన్నడానికి పెద్దపీట వెయ్యాలని అడగటంలో తప్పేముందని ఇప్పుడు నాకు అర్థమవుతుంది. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. అర్థం కాలేదు. 1984 నవమికి తెలుగు పాటలు కాస్త తగ్గించమని వీధిలో కొందరు అడిగారు. బెదిరించలేదు, అడిగారు. అన్న సరేనన్నాడు. పదునాలుగు పాటల్లో తెలుగువి మూడుంచాడు. కచేరి మొదలయ్యే ముందు ఆ మూడూ ఒకటయింది.

పందిరి వెనక నేను అన్న మీదికి లేచాను. చివరికి అన్నాను: "తెలుగు అక్షరం ముక్క రానివాడివి. తెలుగు పాటలు ఎన్నుండాలో నువ్వా చెప్పేది?"

మైకు పెట్టేసి ఉందని నాకు తెలియదు. నా మాట నాలుగు లౌడుస్పీకర్లలో వీధి ఈ చివర నుంచి ఆ చివరకు వినబడింది. పానకం గ్లాసులు పట్టుకున్న జనం నిశ్శబ్దమైపోయారు. మొదటి వరసలో మా అమ్మ ఉంది.

అన్న ఏమీ అనలేదు. నేను హార్మోనియం పెట్టె పట్టుకుని వెళ్ళిపోయాను. హార్మోనియం లేకుండానే అన్న పదునాలుగు పాటలూ పాడి ముగించాడట. ఆ తర్వాత మళ్ళీ ఎన్నడూ వేదిక ఎక్కలేదు.

మేము మాట్లాడుకోని అన్నదమ్ములం కాదు. పెళ్ళిళ్ళకు, చావులకు, పండగలకు కలుస్తూనే ఉన్నాం. వదిన ఇప్పటికీ ఉగాదికి నాకు బొబ్బట్లు పంపుతుంది. అన్నీ మాట్లాడుకుంటాం, పాట సంగతి ఒక్కటి తప్ప. మా ఇద్దరి మధ్య ఆ ఒక్క గది తాళం వేసి ఉంది. ఎవరికి వారు పక్కనుంచి నడిచి వెళతాం.

మేము విడిపోయిన ఆ 1984లోనే బొంబాయిలో రాక్ మెషిన్ అని ఒక బృందం మొదలైందని మా అమ్మాయి చెప్పింది. 1993లో వాళ్ళు పేరు ఇండస్ క్రీడ్ అని మార్చుకున్నారు. 1997లో విడిపోయి 2010లో మళ్ళీ కలిశారు. ఇట్లాంటివి ఆ అమ్మాయి నాకు చాలా చెప్పింది. ఎందుకు చెబుతున్నదో తెలిసినా తెలియనట్టు విన్నాను.

వాటిలో పింక్ ఫ్లాయిడ్ కథ నా మనసులో నిలిచింది. ఆ నలుగురూ 1981 తర్వాత కలిసి పాడలేదు. కోర్టుల దాకా వెళ్ళారు. 2005 జులై 2న లండన్ హైడ్ పార్కులో, ఆఫ్రికా పేదరికం గురించి ప్రపంచమంతా జరిపిన కచేరీల్లో ఒకదానికి ఇరవై నాలుగేళ్ళ తర్వాత ఒక్క వేదిక మీద నిలబడ్డారు. నాలుగైదు పాటలు పాడి దిగిపోయారు. అంతే. 2008లో వాళ్ళలో కీబోర్డు వాయించే రిచర్డ్ రైట్ చనిపోయాడు. ఇక నలుగురూ కలిసే మాట లేదు. హైడ్ పార్కుకు ఆనాడు వద్దనుకుని ఉంటే ఆ కొన్ని పాటలైనా ఉండేవి కావు.

బర్మింగ్‌హామ్‌లో బ్లాక్ సబ్బత్ అనే బృందం కథ ఇంకా దగ్గరిది. 2025 జులై 5న తొలినాటి నలుగురూ ఇరవై ఏళ్ళ తర్వాత తమ ఊళ్ళోనే కలిసి పాడారు. గాయకుడు ఓజీ ఆస్బర్న్ నిలబడలేక సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. పదిహేడు రోజులకు పోయాడు.

అంత దూరమెందుకు? మన బాలసుబ్రహ్మణ్యం నెల్లూరు జిల్లా నుంచి వెళ్ళి మద్రాసులో స్థిరపడ్డ మనవాడే. పేరు రాకముందు ఆయన నడిపిన చిన్న లైట్ మ్యూజిక్ బృందంలో గిటారు, హార్మోనియం వాయించినవాడు ఇళయరాజా. అంటే ఇద్దరి స్నేహమూ వేదిక మీద పుట్టిందే. 2017లో పాటల హక్కుల విషయమై ఇళయరాజా వైపు నుంచి నోటీసు వెళ్ళింది. బాలు అమెరికాలో కచేరీలు చేస్తున్న సమయమది. ఆ పాటలు ఇక పాడనని ఆయన పక్కన పెట్టేశారు. అభిమానులు ఎటూ చెప్పలేక నలిగిపోయారు. 2019 జూన్ 2న, ఇళయరాజా పుట్టినరోజున, చెన్నై కచేరీలో ఇద్దరూ కలిశారు. మరుసటి ఏడు సెప్టెంబరు 25న బాలు వెళ్ళిపోయారు. మధ్యలో మిగిలింది పదహారు నెలలు కూడా కాదు.

ఇవన్నీ విన్నాక నాకు ఒక అనుమానం మాత్రం తీరలేదు. కలవడం మంచిదే. కాని ఎవరి కోసం కలవాలి? జనం అడిగారనా? ఉత్సవానికి పేరు కావాలనా? ఒయాసిస్ విషయంలోనే చూడండి. 2024 ఆగస్టు 27న మళ్ళీ కలుస్తున్నామని ప్రకటించారు. ఆగస్టు 31న టిక్కెట్లు పెట్టారు. మా అమ్మాయి గంటల తరబడి కంప్యూటరు ముందు కూర్చుంది. నూటయాభై పౌండ్లకు కాస్త అటూ ఇటూగా చెప్పిన టిక్కెట్టు, గిరాకీ చూసి కొందరి వంతు వచ్చేసరికి మూడువందల యాభై దాటింది. దాని మీద అక్కడి ప్రభుత్వ సంస్థ విచారణ కూడా జరిపింది. "అన్నదమ్ములు కలిసింది ప్రేమతోనా, డబ్బుకా?" అని నేను వెటకారంగా అడిగాను.

"ఏమో చిన్నాన్నా. నాకు తెలీదు. కాని నేను ఏడ్చినాను" అంది.

2025 జులై 4న కార్డిఫ్‌లో మొదటి కచేరి. అన్నదమ్ములిద్దరూ చేతులు పట్టుకుని, పైకెత్తి వేదిక మీదకు వచ్చారు. అక్కణ్ణుంచి నవంబరు 23న బ్రెజిల్ సావో పాలోలో ముగిసేదాకా మొత్తం నలభై ఒక్క కచేరీలు. మా అమ్మాయి మాంచెస్టరు హీటన్ పార్కులో చూసింది. పక్కన ఎవరో ముక్కూమొహం తెలియని పెద్దాయన ఆమె భుజం మీద చెయ్యి వేసి పాడుతూ ఏడ్చాడట. తన తమ్ముడు పోయి మూడేళ్ళయిందని చెప్పాడట.

ఇదంతా చెబుతూ చెబుతూ ఆ అమ్మాయి ఒక చిన్న మాట అంది. అదే నాకు పట్టుకుంది. కలుస్తున్నామని చెప్పిన రోజుల్లోనే వాళ్ళు ఇంకొకటి కూడా స్పష్టంగా చెప్పారట. మరుసటి ఏడు గ్లాస్టన్‌బరీలోనూ పాడం, మరే ఉత్సవంలోనూ పాడం అని. పదిహేనేళ్ళు జనం ఏ ఉత్సవం కోసం ఎదురుచూశారో అక్కడికే వెళ్ళలేదు.

ఎందుకో వాళ్ళకే తెలియాలి. వాళ్ళ లెక్కలు వాళ్ళకుంటాయి. నాకు మాత్రం నా లెక్క అర్థమైంది. నేను ఇన్నేళ్ళూ కమిటీ అడిగితే వెళ్దామా వద్దా అనే ఆలోచిస్తున్నాను. వీధి ముందర పోయిన మాట వీధి ముందరే తిరిగి రావాలని, పందిట్లో అందరూ చూస్తుండగా అన్న పక్కన కూర్చుని హార్మోనియం తెరిస్తే ఆ రాత్రి చెరిగిపోతుందని ఎక్కడో అనుకుంటున్నాను. అది పిరికితనం. మైకు ముందు కూర్చుంటే నోరు తెరిచి క్షమించమని అడగనక్కరలేదు. పాట నా బదులు అడుగుతుంది. చప్పట్లు అన్న బదులు క్షమిస్తాయి.

ఆ మరుసటి ఆదివారం అన్న ఇంటికి వెళ్ళాను. కొడుకు దగ్గర కెంగేరి వైపు ఉంటాడు. డెబ్బై ఐదేళ్ళు. వదిన లోపల చారు పోపు పెడుతోంది. అన్న వరండాలో కూర్చుని కన్నడం పేపరు చదువుతున్నాడు.

కమిటీవాళ్ళు వచ్చారని చెప్పాను. "నా దగ్గరికీ వచ్చినారు" అన్నాడు.

"ఏమి చెప్పినావు?"

"నోడోణ అన్న్యా."

ఇద్దరమూ నవ్వాం. తర్వాత చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. నేను అప్పుడు చెప్పాను. ఆ రాత్రి నేనన్న మాట తప్పని, ఆ అక్షరాలు నాకు వచ్చింది ఎవరి రెండు రూపాయలతోనో నాకు తెలిసే అన్నానని, తెలిసి అన్నాను కాబట్టే ఇన్నేళ్ళూ నోరు రాలేదని చెప్పాను. సరిగా చెప్పానో లేదో తెలియదు. మాట మధ్యలో గొంతు పోయింది.

అన్న పేపరు మడిచాడు. "అప్పుడు ఆ మైకు ఆపింటే బాగుండు రా" అన్నాడు. అంతే. లేచి లోపలికి వెళ్ళాడు.

వచ్చేటప్పుడు చేతిలో ఒక నోటుబుక్కు ఉంది. అట్ట ఊడిపోయింది. మా ఆర్కెస్ట్రా పాటల పుస్తకం. అది పోయిందనుకున్నాను. పక్కనే ఎనిమిదేళ్ళు కూర్చుని వాయించాను గాని, ఆ పుస్తకాన్ని నేను ఏనాడూ చేతిలోకి తీసుకుని చదవలేదు. తెలుగు పాటలన్నీ కన్నడ అక్షరాల్లో, గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా రాసి ఉన్నాయి. అక్కడక్కడ 'చ' అక్షరం కింద ఎర్ర సిరాతో ఒక చుక్క. కొన్ని 'జ'ల కిందా ఉంది.

"ఇదేమిటి?" అని అడిగాను.

"చాపకు చ వేరే, చేపకు చ వేరే కదా. కన్నడంలో ఆ తేడా లేదు. పాడేటప్పుడు తప్పు పోకూడదని గుర్తు పెట్టుకున్న్యా."

పంతులుగారి దగ్గర నాలుగేళ్ళు తెలుగు చదివిన నాకు, నోట అలవాటుగా పలకడమే గాని ఆ తేడాకు గుర్తు పెట్టుకోవాలని ఎన్నడూ తోచలేదు. అక్షరం రానివాడని నేను మైకులో చెప్పినవాడు ఒక్కొక్క పాట కింద వెతికి వెతికి చుక్కలు పెట్టాడు. 1984 నాటి చివరి పేజీలో, కొట్టేసిన రెండు తెలుగు పాటల కింద కూడా ఆ చుక్కలున్నాయి. వాటినీ పాడదామనే సిద్ధం చేసుకున్నాడన్నమాట.

భోజనాలయ్యాక బయలుదేరుతుంటే గుమ్మం దగ్గర అడిగాడు: "హార్మోనియం ఉందా, అమ్మేసినావా?"

ఉందన్నాను.

"తెచ్చుకో ఒకసారి. నాకిప్పుడు ఒకటో శ్రుతి కూడా అందదు. ఇంకా కిందకు పెట్టుకోవల్ల."

కమిటీవాళ్ళు పోయిన వారం మళ్ళీ వచ్చారు. కరపత్రాలు అచ్చు వెయ్యాలి, చివరిరోజుకు ఎవరి పేరు వెయ్యమంటారని అడిగారు. ఇంకెవరినైనా చూసుకోండి, మా మీద పెట్టుకోకండి అని చెప్పాను. ఆ రాత్రికి పందిట్లో అన్నకు పాడాలనిపిస్తే పాడతాడు, నేను పక్కన ఉంటాను. కరపత్రంలో మాత్రం మా పేర్లు వద్దు.

హార్మోనియం తిత్తి చిల్లులు పడింది. రెండు రీడ్లు మూగపోయాయి. చిక్కపేటలో బాగుచేసేవాడికి ఇచ్చాను. గురువారానికి ఇస్తానన్నాడు. ఆదివారం కెంగేరి వెళ్ళాలి.